గాజును చెక్కిన చేయి – జాన్ నార్త్‌వుడ్

తెలుగులో గాజు అన్న మాటకు రెండు అర్థాలున్నవి. ఇసుకను కరగించి చేసే పదార్థము గాజు; ఆడవారి ముంజేతికి నిండుదనమిచ్చే ఆభరణమూ గాజే. పదార్థపు పేరే ఆభరణమునకు పేరైనదంటే, మనవారి కంటికి గాజు మొట్టమొదట కనిపించినది రంగుగానే అని ఊహించవచ్చును. ఎరుపు, పచ్చ, నీలము, వెలుగు తగిలితే మెరుపు – ఇంతే గాజును గూర్చి మనకు చిన్ననాటి నుండి ఉన్న భావన. పగిలితే అతకదన్న భయము దానికి తోడు. అందమునకూ అశాశ్వతత్వమునకూ గాజును మించిన గుర్తు మరియొకటి లేదు.

ఇంగ్లండు దేశములో పాత రంగుగాజు పాత్రలను సేకరించేవారు ఎందరో ఉన్నారు. అది వారికి ఒక ప్రియమైన వ్యసనము. పాత సామానుల అంగడిలో దుమ్ముపట్టిన ఒక నీలి కలశము కంటబడితే, వారు దానిని చేతిలోనికి తీసికొని బరువు చూస్తారు. గోటితో మీటి ధ్వని వింటారు. వెలుతురునకు ఎత్తిపట్టి రంగు లోతు చూస్తారు. తిరగవేసి అడుగున వ్రేలితో తడుముతారు. ఇంత చేసి వారు వెదకేది ధరను మాత్రమే కాదు. ఇది ఎవరి చేతి పని అన్న ప్రశ్నకు సమాధానము వెదకుతారు. ఐతే గాజు సామాన్యముగా పెదవి విప్పదు. చిత్రకారుడు పటము క్రింద పేరు వ్రాసికొంటాడు. కవి పద్యాంతములో ముద్ర వేసికొంటాడు. కొలిమి ముందు నిలిచి గాజు ఊదిన పనివాని పేరు కొలిమి పొగలోనే కలిసిపోతుంది. అట్లు కలిసిపోక నిలిచిన కొద్దిపాటి పేర్లలో జాన్ నార్త్‌వుడ్ పేరు ఒకటి. పందొమ్మిదవ శతాబ్దిలో, దాదాపు రెండువేల ఏండ్లుగా మరుగున పడిన ఒక రోమను విద్యను ఇంగ్లండులో మరల బ్రతికించినవాడాయన.

ఆయన కథ ఆయనతో మొదలు కాదు. ఒక కలశముతో మొదలవుతుంది.

లండనులోని బ్రిటిష్ మ్యూజియములో పోర్ట్‌లండ్ కలశమని పేరొందిన రోమను గాజుపాత్ర ఒకటి ఉన్నది. క్రీస్తు శకారంభ కాలము నాటిది. ఎత్తు మూరెడైనా లేదు. సుమారు 24 సెంటీమీటర్లు మాత్రమే. ముదురు నీలి గాజుపై తెల్లని గాజు పొర పోసి, ఆ తెల్లపొరను చెక్కి స్త్రీపురుషుల ఆకృతులను, చెట్లను ఉబ్బెత్తుగా తీర్చినారు. ఇట్లు ఒక రంగుపై మరియొక రంగును పొరగా పరచి, పైపొరలో బొమ్మ చెక్కే పనిని కేమియో అంటారు. తెల్లపొర మందముగా ఉన్నచోట పాలవలె ఉంటుంది. పలుచబడిన చోట లోని నీలము తొంగిచూచి, సన్నని వస్త్రము కప్పినట్లుంటుంది. చిత్రకారుడు కుంచెతో సాధించే వెలుగునీడలను ఈ పనివాడు పొర మందముతో సాధించినాడు. ఇటలీలో బార్బెరీనీ వంశమువారి చేతులలో చాలకాలమున్న ఈ కలశము, సర్ విలియమ్ హామిల్టన్ ద్వారా ఇంగ్లండు చేరి, పోర్ట్‌లండ్ ప్రభువుల సొత్తై, 1810లో మ్యూజియమునకు అరువుగా వచ్చినది. 1945లో మ్యూజియమువారు దానిని కొన్నారు.

దానిని చూచి ముగ్ధుడైనవారిలో కుమ్మరి కళలో ప్రసిద్ధుడైన జొసయా వెడ్జ్‌వుడ్ ఒకడు. ఆయన 1786లో కలశమును అరువు తెచ్చుకొని, ఏండ్ల తరబడి శ్రమించి, 1789-90 నాటికి దానికి ప్రతికృతి చేసినాడు. కాని అది మట్టితో చేసిన ప్రతికృతి. ఆకారము వచ్చినది, అలంకారము వచ్చినది, గాజులోని ఆ నీలపు లోతు మాత్రము మట్టికి అబ్బలేదు. గాజును గాజుతోనే తిరిగి చేయగల చేయి అప్పటికి పుట్టలేదు.

1845వ సంవత్సరము ఇంగ్లండు గాజు చరిత్రలో విచిత్రమైనది. ఆ ఏడు ఫిబ్రవరి 7వ తేదీన ఒక యువకుడు, త్రాగిన మైకములో, మ్యూజియములోని ఒక రాతి శిల్పమునెత్తి ఈ కలశముపై విసరినాడు. రెండు వందలకు మించిన తునకలైనది. ఆనాటి చట్టములో అంత విలువైన వస్తువును పాడుచేసినవానికి తగిన శిక్ష లేకపోయినది. కలశముపై కప్పిన గాజుపెట్టెను పగులగొట్టినందుకే అతనికి 3 పౌనుల జుల్మానా పడినది. మ్యూజియములో పనిచేసే జాన్ డబుల్‌డే అన్న నేర్పరి ఆ తునకలను అతికి కలశమును నిలబెట్టినాడు. చిన్న తునకలు 37 మాత్రము మిగిలిపోయినవి. అవి దారితప్పి, ఒక శతాబ్ది గడచిన పిదప 1948లో మ్యూజియమునకు తిరిగి చేరినవి.

అదే 1845లో ఇంగ్లండు ప్రభుత్వము గాజుపై పన్నును ఎత్తివేసినది. ఆ పన్ను 1745 నుండి నూరేండ్లు సాగినది; గాజును బరువుకట్టి వసూలు చేసేవారు. సుంకపు ఉద్యోగులు కొలిమి దగ్గర కాపలా ఉండేవారు. క్రొత్త రంగు కలిపి చూడవలెనన్నా, క్రొత్త విధమున కరగించి చూడవలెనన్నా పన్ను అడ్డుపడేది. అది తొలగగానే కర్మాగారములలో రంగులు వెల్లువలై పారినవి. కోబాల్టుతో నీలము, బంగారముతో కెంపు, మాంగనీసుతో ఊదా, రాగితోనూ ఇనుముతోనూ పచ్చ, యురేనియముతో పచ్చకాంతి కలిసిన పసుపు – ఒక్కొక్క లోహము ఒక్కొక్క రంగును ప్రసాదించినది. 1851 నాటి లండను మహాప్రదర్శనములో ఆ రంగుల వైభవమును లోకము చూచినది. ఒకే ఏట ప్రాచీన గాజు పగిలినది, నవీన గాజునకు సంకెల తెగినది. ఆ ఏటికి జాన్ నార్త్‌వుడ్ తొమ్మిదేండ్ల బాలుడు.

ఆయన 1836లో స్టాఫర్డ్‌షైరులో, స్టోర్‌బ్రిడ్జి పట్టణము చేరువనున్న వర్డ్‌స్లీ గ్రామములో ఒక సామాన్య కుటుంబములో జన్మించినాడు. ఆ ప్రాంతములో భూమి క్రింద బొగ్గున్నది. కొలిమి మంటకు చెదరని మట్టియున్నది. గాజు కరగించే మూసలకు అటువంటి మట్టి తప్పనిసరి. ఈ రెండింటిని చూచియే పదిహేడవ శతాబ్ది ఆరంభములో లొరైన్ దేశపు గాజు పనివారు అక్కడికి వలస వచ్చి స్థిరపడినారు. అప్పటినుండి ఆ నేల గాజునకు పుట్టినిల్లైనది. నూరడుగుల ఎత్తున శంకువు ఆకారములో లేచిన ఇటుక గోపురములు, వాని కడుపులో రాత్రింబవళ్లు మండే కొలుములు, సరుకు మోసే కాలువ పడవలు – ఇవే ఆ బాలుని కండ్లు తెరిపించిన దృశ్యములు.

పన్నెండేండ్ల వయసున జాన్ రిచర్డ్‌సన్ సోదరుల గాజు కర్మాగారములో శిష్యరికమునకు చేరినాడు. అక్కడ అతనికి అప్పగించినది ఊదే పని కాదు. గాజుపై బొమ్మలు వ్రాయుట, బంగారు పూత పెట్టుట, రంగుపూత వేయుట వంటి అలంకరణ పని. దానితోపాటు స్టోర్‌బ్రిడ్జి చిత్రకళాశాలలో చేరి గీతలు నేర్చినాడు. పని ఒకచోట, చదువొకచోట. ఆ రెండింటిని కలిపినవాడు యజమాని బెంజమిన్ రిచర్డ్‌సన్. ఆయనకు రోమను గాజుపై అంతులేని మక్కువ. పోర్ట్‌లండ్ కలశము వంటిదానిని గాజుతోనే చేయగలవానికి వెయ్యి పౌనుల బహుమానమిస్తానని ఆయన ప్రకటించినట్లు ప్రతీతి. ఆ రోజులలో పనివాడు జీవితమంతా కూడబెట్టినా చేరలేని మొత్తమది. బహుమానపు మాట ఎట్లున్నను, అసాధ్యమనుకొన్నదానిపై ఒక బాలుని దృష్టిని నిలిపిన గురువు రిచర్డ్‌సన్ అని చెప్పుటకు సందేహము లేదు.

రిచర్డ్‌సన్ వ్యాపారము 1852లో దివాలా తీసినది. కొంతకాలము నార్త్‌వుడ్ గాజుపనికి దూరమై, పిదప మరల ఆ వృత్తికే వచ్చినాడు. 1860 ప్రాంతమున తమ్ముడు జోసెఫ్‌తో కలిసి వర్డ్‌స్లీలోనే సొంతముగా అలంకరణ శాల తెరచినాడు. ఇతర కర్మాగారముల నుండి వచ్చిన నునుపు పాత్రలపై హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో నగిషీలు దించుట వారి పని. గాజును తినే ద్రవమది. ఆమ్లమునకు లొంగని మైనపు పూత పాత్రకు పట్టించి, సూదిమొనతో పూతను గీచి, ఆమ్లములో ముంచితే, గీచిన మేర మాత్రమే గాజు కరగి చిత్రము తేలుతుంది. ఆ గీతలను చేతితో గీచుట ఆలస్యమని తలచి నార్త్‌వుడ్ యంత్రములు కల్పించినాడు. వలయములు, అల్లికలు, జిగురుతీగలవంటి వంకలు ఆ యంత్రములు క్షణములో గీచేవి. వ్యాపారము నిలద్రొక్కుకొన్నది.

ఇక్కడ ఆయన జీవితములోని వైరుధ్యమును గమనింపక తప్పదు. పగలు యంత్రమునకు చేతి పనిని అప్పగించిన మనిషి, తీరిక దొరికినప్పుడల్లా ఏ యంత్రమూ చేయలేని పనికి తన చేతిని అప్పగించినాడు. బెంజమిన్ స్టోన్ అన్న బర్మింగ్‌హామ్ గాజు వర్తకుడు కోరగా, రంగులేని మందపు గాజు కలశమొకటి తీసికొని, ఏథెన్సు నగరపు పార్థినాన్ దేవాలయము గోడలపై గల అశ్వికుల శిల్పమును దానిపై ఉబ్బెత్తుగా చెక్కసాగినాడు. ఉక్కు పనిముట్టులతో గాజును గీచి గీచి, పొడిగా రాల్చి, గుర్రపు మెడ నరమును, రౌతు మోకాలి మడతను తేల్చవలెను. 1864లో ఆరంభమైన పని 1873లో ముగిసినది. తొమ్మిదేండ్లు! అదే ఎల్గిన్ కలశము. స్టోన్ దానిని బర్మింగ్‌హామ్ చిత్రశాలకు కానుక చేసినాడు. గాజును శిలవలె చెక్కవచ్చునని ఆ కలశము ఋజువు చేసినది. ఇక మిగిలినది రంగుల పరీక్ష.

ఆ పరీక్షకు తోడు నిలిచినవాడు ఫిలిప్ పార్జెటర్. నార్త్‌వుడ్‌కు దాయాది వరుసవాడు, రిచర్డ్‌సన్‌కు మేనల్లుడు, వర్డ్‌స్లీలోని రెడ్‌హౌస్ గాజు కర్మాగారమునకు యజమాని. చెక్కడానికి తగిన ముడి కలశము ఆయన కొలిమిలో తయారు కావలెను. నీలి గాజుపై తెల్లగాజు పొర సరిగా అంటుకొనవలెను. చెప్పుటకిది తేలిక. రెండు గాజులు వేడికి వ్యాకోచించుటలోను, చల్లారి ముడుచుకొనుటలోను ఒకే తీరున ఉండకపోతే, ఒకదానినొకటి లాగుకొని పాత్ర తనంతట తానే చిట్లుతుంది. పైకి చిట్లకపోయినా ఆ పెనుగులాట గోడలో దాగి, ఏనాటికో బయటపడుతుంది. కనుక రెండింటి పాళ్లను కుదర్చవలెను. పాత్రను మెల్లమెల్లగా చల్లార్చవలెను. ప్రయత్నములు విఫలమై, విఫలమై, కడకు డేనియల్ హాంకాక్స్ అన్న పనివాడు ఊదిన కలశము నిలిచినది. చరిత్ర సాధారణముగా మరచిపోయే అటువంటి పనివాని పేరు ఈ ఒక్క సందర్భమున దక్కినది, సంతోషింపదగిన విషయము.

1873లో నార్త్‌వుడ్ చెక్కుట మొదలుపెట్టినాడు. బొమ్మలు లేని మేర తెల్లపొరను తొలగించి నీలమును బయటపెట్టుట మొదటి అంకము. మిగిలిన తెల్లపొరలో ఆకృతులకు ప్రాణము పోయుట రెండవది. వెడ్జ్‌వుడ్ చేసిన ప్రతికృతిని దగ్గర పెట్టుకొన్నాడు. మూలమును చూచుటకు లండను వెళ్లివచ్చేవాడు. మట్టిబొమ్మను చూచి ఆకృతి తెలిసికొనవచ్చును. తెల్లపొర ఎక్కడ ఎంత పలుచనో మాత్రము మూలమే చెప్పవలెను. ఒక గీత ఎక్కువైతే తీసివేసిన తెల్లపొర తిరిగి రాదు. కవి తాటాకుపై కొట్టివేసి మరల వ్రాయగలడు. ఈ పనివానికి ఆ అవకాశము లేదు. మూడేండ్లపాటు ప్రతి గీతా తుది గీతగానే సాగినది.

పని ముగింపునకు వచ్చిన దశలో కలశము పగిలినది. ఏ దెబ్బా తగులలేదు. గోడలోపల దాగియున్న పెనుగులాట, చలివేడుల మార్పునకు ఓర్వలేక, ఒక్కసారిగా విడివడినది. మూడేండ్ల శ్రమ కనులముందు చీలిన క్షణమున ఆ మనిషి హృదయమెట్లుండునో ఎవరికి వారు ఊహించుకొనవలసినదే. ఆయన ఉలి దింపలేదు. పగులును అతికించి, మిగిలిన పనిని పూర్తిచేసినాడు. 1876లో కలశము సిద్ధమైనది. మూలము రెండువందల తునకలై అతుకుపడినది. ప్రతి అతుకుతోనే పుట్టినది. రెండింటికి ఈ విషయమున గూడ సామ్యము కుదరుట విధి విలాసమనవలెను.

ఇక్కడ సాహిత్య విద్యార్థికి సహజముగా ఒక శంక కలుగుతుంది. ఎంత గొప్పదైనా అది అనుకరణమే కదా. ఒక మేధావి పన్నెండేండ్ల కృషిని ఇతరుల చిత్రముల ప్రతికి ధారపోయుట వృథా కాదా? ఎల్గిన్ కలశమూ ప్రతియే, పోర్ట్‌లండ్ కలశమూ ప్రతియే. కాని తెలుగువారు ఈ ప్రశ్నకు తొందరపడి తీర్పు చెప్పలేరు. మన ఆదికావ్యము సంస్కృత భారతమునకు ఆంధ్రీకరణము. శ్రీనాథుని శృంగార నైషధము హర్షుని కావ్యమునకు తెలుగు. అందువలన అవి తెలుగువాని సొత్తు కాకుండ పోలేదు. అనువాదమును వహించిన భాష, దానిని మోయగలిగే శక్తిని ఆ అనువాదముతోనే సంపాదించుకొన్నది. నార్త్‌వుడ్ చేసినదీ ఇట్టిదే. రోమను పనివాడు ఏమి చేసెనో అందరూ చూచినారు. ఎట్లు చేసెనో పుస్తకములలో లేదు. ఆ ఎట్లును కనుగొనుటకు దానిని తిరిగి చేయుట తప్ప మార్గము లేదు. ఆయన తెచ్చినది ఒక్క కలశము కాదు. ఇంగ్లండు కొలుములకు ఒక భాష తెచ్చినాడు.

ఆ భాషలో ఆయన సొంత రచనలు వెంటనే వెలువడినవి. 1878లో మిల్టన్ కలశమును పూర్తిచేసినాడు. ఆ మహాకవి కావ్యములోని ఆదాము హవ్వలు, దేవదూత అందులో కనిపిస్తారు. షేక్స్‌పియర్, న్యూటన్, ఫ్లాక్స్‌మన్ల ముఖచిత్రములతో మూడు పళ్లెరములు చెక్కినాడు. సాహిత్యము, శాస్త్రము, శిల్పము అను మూడు విద్యలకు అవి మ్రొక్కుబడులు. థామస్ వెబ్ కర్మాగారమువారి కొరకు చేసిన పెగసస్ కలశము 1882లో ముగిసినది. మూతపై రెక్కల గుర్రము నిలిచిన ఆ కలశము సముద్రము దాటి, నేడు అమెరికా రాజధానిలోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉన్నది.

శిష్యులు, అనుయాయులు బయలుదేరినారు. 1878 నాటి పారిస్ ప్రదర్శనములో జోసెఫ్ లాక్ అన్న మరియొక స్టోర్‌బ్రిడ్జి కళాకారుడు తన పోర్ట్‌లండ్ ప్రతిని ఉంచినాడు. నార్త్‌వుడ్ శాలలో పని నేర్చిన థామస్, జార్జి వుడాల్ సోదరులు వెబ్ కర్మాగారములో చేరి కేమియోను శిఖరమునకు ఎక్కించినారు. 1880 తరువాతి కొలది ఏండ్లలో నార్త్‌వుడ్ తానే బ్రయర్లీ హిల్‌లోని స్టీవెన్స్ అండ్ విలియమ్స్ కర్మాగారమునకు కళాధ్యక్షుడై వెళ్లినాడు. తెలుపు-నీలము జంటతో ఆగక కెంపుపై తెలుపు, పసుపుపై తెలుపు, ఊదాపై తెలుపు, ఒకదానిపై మూడు పొరలు – ఇట్లు వన్నెలు విస్తరించినవి. ధనికుల ఇండ్లలో కేమియో లేనిదే అల్మారా నిండని కాలము వచ్చినది.

గిరాకి పెరిగినప్పుడు చేతికి కాలము చాలదు. మూడేండ్లకొక కలశము చెక్కితే అంగడి నడవదు. ఉక్కు పనిముట్టు స్థానమును తిరిగే చక్రము ఆక్రమించినది. చక్రము స్థానమును చాలవరకు ఆమ్లము ఆక్రమించినది. అసలు చెక్కడమే లేకుండ, తెల్లని పూతతో బొమ్మవ్రాసి కేమియో అనిపించే చవుక సరుకు ఐరోపా నుండి దిగినది. ఆమ్లపు పనికి యంత్రములు కల్పించి వ్యాపారమునకు వేగము నేర్పినవారిలో నార్త్‌వుడ్ ముఖ్యుడు. ఆ వేగమే ఆయన ప్రాణప్రదముగా బ్రతికించిన కళకు గండమైనది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లకు కేమియో మోజు తగ్గిపోయినది. ఈ పరిణామమునకు ఆయన ఒక్కడినే బాధ్యుని చేయుట న్యాయము కాదు; కాని ఒకే చేతినుండి రెండు దారులు బయలుదేరినవన్నది సత్యము.

నేటి సేకర్తకు ఈ చరిత్ర ఎందుకు కావలెనో ఇప్పుడు తెలుస్తుంది. పాతగాజును గుర్తించుట అంటే చేతిని గుర్తించుట. తెల్లని బొమ్మ గల నీలి కలశమొకటి ఎదుట నిలిచినప్పుడు, ముందుగా బొమ్మ అంచును చూడవలెను. పూతతో వ్రాసినదైతే తెలుపు గాజుపై అట్టకట్టినట్లుంటుంది, లోతుండదు. ఆమ్లము తిన్నదైతే అంచు ఒకేరీతిగా దిగుతుంది, పొరకు రెండే మెట్టులుంటవి. చేతితో చెక్కినదైతే ఒక పూరేకులోనే తెలుపు పాలవలె మొదలై పొగవలె పలుచబడి నీలములో కలిసిపోతుంది. ఆ కలిసిపోవుట వద్దనే పనివాడున్నాడు. జార్జి వుడాల్ వంటివారు తమ మేటి పనులపై సంతకము చెక్కినారు. వెబ్ వారి పాత్రలలో కొన్నింటి అడుగున కర్మాగారపు ముద్ర ఉంటుంది. అధిక భాగమునకు ఏ గుర్తూ లేదు.

ఇతర రంగుగాజుల విషయమునను ఇదే నీతి. ముదురు నీలి గాజు కనిపించగానే బ్రిస్టల్ సరుకని పిలుచుట వాడుక. నిజమునకు ఆ నీలమును ఎన్నో ఊళ్లలో చేసినారు; బ్రిస్టల్ నగరపు ఐజక్ జేకబ్స్ వలె అడుగున బంగారు అక్షరములతో తన పేరు వ్రాసినవాని పాత్రలను గూర్చియే నిశ్చయముగా చెప్పవచ్చును. 1674లో జార్జి రేవెన్స్‌క్రాఫ్టు పేటెంటు పొందిన నాటి నుండి ఇంగ్లండు మేలిగాజునకు సీసము ప్రాణము. కనుక అది బరువుగా ఉండి, మీటితే గంటవలె మ్రోగుతుంది. ఊదిన పాత్ర అడుగున, పట్టుకొన్న ఇనుప కడ్డీని విరిచిన గుర్తుండవచ్చును. మేలుపనిలో దానిని సానబట్టి నునుపు చేస్తారు. యురేనియము కలిసిన పసుపుపచ్చ గాజు అతినీలలోహిత కాంతిలో పచ్చగా వెలుగుతుంది. వీనిలో ఏ ఒక్క గుర్తూ స్వయముగా సాక్ష్యము కాదు. బరువు, ధ్వని, రంగు, అంచు, అడుగు – అన్నియు ఏకవాక్యతగా పలికినప్పుడే నమ్మవలెను. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించే పండితుని ఓర్పే ఇక్కడా కావలెను.

నార్త్‌వుడ్ 1902లో కన్నుమూసినాడు. ఆయన పెద్దకుమారుడు హ్యారీ 1881లోనే అమెరికా వెళ్లి, అక్కడ రంగుగాజునకు పేరు తెచ్చినాడు. వలయములో గీత గీచిన ఎన్ అక్షరము ఆయన సరుకునకు గుర్తు. సామాన్యుల ఇండ్లకు అందుబాటైన అచ్చుగాజు, ఇంద్రధనుస్సు మెరుపుగల గాజు ఆ కుమారుని రంగము. తండ్రి మూడేండ్లకొక పాత్ర చేసినాడు. కుమారుని అచ్చులు రోజూ వందల పాత్రలు చేసినవి. మరియొక కుమారుడు, తండ్రి పేరే గల జాన్, తండ్రి జీవితమును గ్రంథస్థము చేయగా 1958లో అది వెలువడినది. తండ్రి చేతిపనిని కంటితో చూచినవాడు వ్రాసినందున గాజు చరిత్రకారులకు అది ఆధారమైనది.

చివరకు ఒక చిన్న సంఘటన చెప్పి ముగిస్తాను. నార్త్‌వుడ్ కలశము పూర్తియైన కొలది ఏండ్లకు, పొరుగూరి కుండల కర్మాగారములో తండ్రి క్రింద పనిచేస్తున్న ఫ్రెడరిక్ కార్డర్ అన్న కుర్రవాడు దానిని చూచినాడు. మట్టిని విడిచి గాజును పట్టవలెనని ఆ క్షణమున నిశ్చయించుకొన్నాడు. నార్త్‌వుడ్ సిఫారసుతో స్టీవెన్స్ అండ్ విలియమ్స్‌లో చేరినాడు. 1903లో అమెరికాకు తరలి, న్యూయార్కు రాష్ట్రములోని కార్నింగ్ పట్టణములో స్టూబెన్ గాజు కర్మాగారమును స్థాపించి, నూరేండ్లు బ్రతికి, 1963లో మరణించినాడు. ఆ కుర్రవానిని కదిలించిన కలశము, చేతులు మారి మారి, ఇంగ్లండులో నిలువక, కడకు అదే కార్నింగ్ పట్టణపు గాజు మ్యూజియమునకు చేరినది. శిష్యుడు ముందు వెళ్లి బాట వేయగా, గురువు పని వెనుక నుండి వచ్చి చేరినట్లైనది.

వర్డ్‌స్లీలో రెడ్‌హౌస్ గోపురము నేటికీ నిలిచియున్నది. కొలిమి చల్లారినది, చూడవచ్చినవారికి అది ప్రదర్శనశాల. దాని ఎదుటనే 2022లో స్టోర్‌బ్రిడ్జి గాజు మ్యూజియము తెరచినారు. నార్త్‌వుడ్ కలశముపై పగులు మాత్రము అట్లే ఉన్నది. దానిని దాచుటకు ఎవరూ ప్రయత్నించలేదు. సేకర్తలు సాధారణముగా పగిలిన పాత్రను ప్రక్కన పెడతారు, విలువ తగ్గినదంటారు. ఈ ఒక్క కలశము విషయమున ఎవరూ ఆ మాట అనరు. చీలిన తరువాత కూడ ఉలి దింపని చేయి ఒకటి ఆ గీత వెంట నడచినదని చూచినవారికి తెలుసును.